మత్తులో ఏమన్నాను?

బస్సు డిపో నుంచి,
ఫిర్యాదుల కిటికీ వెనక

అక్కా,

ఆసుపత్రి వాళ్ళు నాకు ఫోను చేశారు. నీ నంబరుకి బదులు నా నంబరు ఎందుకిచ్చావో నాకు తెలుసు. మీ ఇంట్లో ఫోను హాల్లో టీవీ పక్కన ఉంటుంది, ఎవరు చేసినా ముందు మీ అత్తగారే ఎత్తుతారు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ అక్కగారు మళ్ళీ వాయిదా వేశారండీ. ఈసారైనా వస్తారా, ఆ బెడ్డు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమంటారా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మొదటిసారి అత్తగారి మోకాలి నొప్పి అన్నావు. సరే అనుకున్నాను. తర్వాత బడులు తెరుస్తున్నారు, యూనిఫారాలు కుట్టివ్వాలి అన్నావు. అదీ సరే. ఇప్పుడేమో అమ్మాయికి జలుబు చేసిందట! ఉద్యోగం చేసుకుంటున్న పిల్లకి జలుబు చేస్తే తల్లి ముక్కు ఆపరేషను ఆగడం నేనెక్కడా వినలేదు. రేపు పక్కింటి పిల్లి తుమ్మితే ఇంకో నెల వాయిదా వేస్తావు కాబోలు.

డాక్టరు చెప్పినప్పుడు నేనూ నీ పక్కనే ఉన్నాను. పాత దెబ్బకి ముక్కు మధ్య గోడ ఒక పక్కకి ఒరిగిపోయింది, ఎడమ దారి దాదాపు మూసుకుపోయింది, అందుకే ఆ తలనొప్పి, మాటిమాటికీ చీము పట్టడం, నోరు తెరుచుకుని పడుకోవడం అన్నాడు. "మందులు వేస్తే ఒరిగిన గోడ నిలబడదమ్మా" అని బొమ్మ గీసి మరీ చెప్పాడు. నువ్వు ఆ బొమ్మ చూసి, "మీ గీత ఎంత చక్కగా ఉందండీ" అన్నావు. పాపం ఆయనకి ఏమనాలో తోచలేదు. నాకు తోచింది గాని, నలుగురిలో అనలేకపోయాను.

ఫోన్లో అడిగితే "ఆఁ, బాగానే ఉన్నాం, మీరంతా కులాసాయేనా" అని తప్ప నీ నోట ఇంకో మాట రాదు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని మీ అత్తగారు ఎత్తి "హలో" అనలేరు. నిజం రాయి. కత్తి అంటే భయమా? సూది అంటే భయమా? ఏదో ఒకటి కాగితం మీద పెట్టు.

నీ చెల్లి


ఇంటి నుంచి,
కుట్టుమిషను దగ్గర

చెల్లీ,

దేవుడు నిన్నూ నీ ఇంటినీ చల్లగా చూడాలి. నీ ఉత్తరం అందింది. చదివి, నీకు కోపం తగ్గాలని ప్రార్థన చేసుకున్నాను. తగ్గిందో లేదో రాయి.

సూది అంటే నాకు భయమేమిటే! పొద్దున లేస్తే సూదితోనే కదా నా బతుకు. కత్తీ అంతే. కత్తెర నా చెయ్యి కోసినన్నిసార్లు డాక్టరు కూడా కోసి ఉండడు. వాయిదాలకి కారణాలు నేను చెప్పినవే. అత్తయ్యగారి మోకాలు అబద్ధమా? యూనిఫారాలు అబద్ధమా? అమ్మాయి జలుబు సంగతి మాత్రం కొంచెం పెద్దది చేసి చెప్పాను, ఒప్పుకుంటాను.

నాకు బాధ లేదని కాదు. పోయిన వారం ప్రార్థనలో కీర్తన ఎత్తుకున్నాను. మొదటి చరణం సగంలోనే ఊపిరి చాలక ఆగిపోయాను. పక్కనున్నావిడ అందుకుని పాడింది. మంచి మనిషే, కాని శ్రుతిని ఎక్కడికో తీసుకెళ్ళి అక్కడే దింపేసి వచ్చింది. అందరూ నా వైపు జాలిగా చూశారు. దేవుడికి అన్ని శ్రుతులూ ఒకటేనని సర్దుకున్నాను గాని, ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. రాత్రిళ్ళు నోరు ఎండి అట్టకట్టుకుపోతోంది.

మీ బావ బాగున్నారు. రంగుల దుకాణానికి కొత్త మేనేజరు వచ్చాడు. మొన్న ఆయన్నీ ఆయన భార్యనీ ఇంటికి తీసుకొచ్చారు. టీ తాగుతుంటే మళ్ళీ ఆ కథ మొదలుపెట్టారు. నీకు తెలిసిందేగా. "మా ఆవిడ సామాన్యురాలు కాదండీ, వంటింట్లో అలమర తలుపుని ముక్కుతో గుద్ది ఊడగొట్టింది. తలుపు చూడండి, ఇప్పటికీ వంకరే! ముక్కు చూడండి, అదీ వంకరే! ఎవరు గెలిచారో మీరే తేల్చాలి!" అని లేచి నిలబడి, ముక్కు ముందుకు చాచి నటించి చూపించారు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మనసులో కల్మషం లేదు. నలుగురిని నవ్వించాలని, అంతే.

ఇంక ఉంటాను. కుట్టాల్సినవి చాలా ఉన్నాయి.

నీ అక్క

ఇంకో సంగతి. మత్తు ఇచ్చాక మనిషి ఏం మాట్లాడతాడో మనిషికే తెలియదట కదా. మీ డిపోలో ఎవరికైనా ఆపరేషను అయి ఉంటే, ఊరికే, కనుక్కుని రాయి.


బస్సు డిపో నుంచి

అక్కా,

నా కోపం తగ్గలేదు. ఈసారి ప్రార్థన ఇంకొంచెం గట్టిగా చెయ్యి.

నేను రోజంతా ఈ కిటికీ ముందు కూర్చుని జనం ఫిర్యాదులు వింటాను. వచ్చిన మనిషి ముందు బస్సు ఆలస్యమైందంటాడు. తర్వాత సీటు చిరిగిందంటాడు. తర్వాత కండక్టరు చిల్లర ఇవ్వలేదంటాడు. అన్నీ రాసుకుంటాను. వెళ్ళబోతూ, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "అన్నట్టు ఇంకోటండీ..." అంటాడు చూడు, అదీ అసలు సంగతి. వాడు పొద్దున ఇంటి నుంచి బయల్దేరింది దానికోసమే.

నువ్వూ అంతే. రెండు పేజీలు అత్తగారి మోకాలూ, కీర్తనా, మేనేజరూ. చివర "ఇంకో సంగతి. ఊరికే." ఊరికేనా అక్కా? అంటే మత్తులో ఏదో వాగేస్తావని భయపడి, ఇన్ని నెలలుగా ఒక్క ముక్కుతో బతుకుతున్నావా? నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషివి, నీ కడుపులో ఏముందని భయం? ఎక్కడైనా బ్యాంకు దోచావా?

సంతకం పెట్టాక రాసే ముక్క కాదు, ఈసారి మొదటి వాక్యంలోనే అసలు సంగతి రాయి.

చెల్లి


ఇంటి నుంచి,
అందరూ బయటికి వెళ్ళాక

చెల్లీ,

అవును. అదే నా భయం.

పక్కింటి టైపిస్టుగారికి పోయిన ఏడాది పిత్తాశయంలో రాళ్ళు తీశారు. ఆవిడ నాకంటే నెమ్మది మనిషి. మత్తు దిగుతుండగా, చూడ్డానికొచ్చిన ఆడపడుచుతో, వార్డంతా వినేలా, "వదినా, మీరు పాడుతుంటే నాకు చెవులు కోసేసుకోవాలనిపిస్తుంది" అందట. అనలేదని ఈవిడ, అన్నావని ఆవిడ. ఆ రోజు నుంచి రాకపోకలు లేవు. ఈవిడ నా దగ్గర కూర్చుని ఏడుస్తూ, "ఎంత నిజమైనా, అలా బయటపడాలా అండీ" అంది. అప్పుడే నా గుండెలో రాయి పడింది.

నా కడుపులో ఏముందని అడిగావు. చాలానే ఉంది. అత్తయ్యగారు నా కుట్టు కత్తెరతో పాల ప్యాకెట్లు కోస్తారు. ఎన్నిసార్లు దాచినా వెతికి పట్టుకుంటారు. అమ్మాయి తన స్నేహితులతో, "మా అమ్మకేం పని, ఇంట్లోనే ఉంటుందిగా" అంటుంది. అంటున్నప్పుడు దాని ఒంటి మీదున్నది నేను కుట్టిన బట్టే. ఇవన్నీ చిన్నవి. ప్రార్థనలో చెప్పుకుంటే పోతాయి.

పోనిది ఒకటుంది. ఆ అలమర కథ.

అది అలా జరగలేదు చెల్లీ. నువ్వప్పుడు ఊళ్ళో లేవు. మీ బావ అలమరలోంచి ఏదో తీసుకుని తలుపు తెరిచి వదిలేశారు. నేను కింద పడిన చెంచా తియ్యడానికి వంగి, గబుక్కున లేచాను. తలుపు అంచు ముక్కుకి తగిలి, కళ్ళు బైర్లు కమ్మి కూలబడ్డాను. మెడ మీదికి రక్తం కారింది. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. "చూసుకోవద్దూ!" అన్నారు. ఆ రోజు దుకాణంలో స్టాకు లెక్క ఉందని వెళ్ళిపోయారు. అత్తయ్యగారు తడిగుడ్డ ఇచ్చారు. వాపు తగ్గాక, ఇంకెందుకు డాక్టరని నేనే ఊరుకున్నాను. కొన్నాళ్ళకి ఆయన ఆ కథ చెప్పడం మొదలుపెట్టారు. ఏడాదికేడాది అది పెరిగింది. ముందు తలుపుకి తగిలాను. తర్వాత తలుపుని గుద్దాను. ఇప్పుడు ఊడగొట్టాను. ఆయన గుమ్మంలో నిలబడ్డ సంగతి మాత్రం కథలోకి ఎప్పుడూ రాలేదు.

వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేను టీ కప్పులు అందిస్తూ నవ్వుతాను. నవ్విన ప్రతిసారీ ఆ రక్తం నోట్లోకి వచ్చినట్టుంటుంది. ఈ కోపం తియ్యమని దేవుణ్ణి అడగని రోజు లేదు. ఆయన తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో ఆయనకే తెలియాలి.

ఇన్నేళ్ళు పెదవి దాటనివ్వని మాట మత్తులో, నలుగురి ముందు, ఏ పొగరుబోతు గొంతుతోనో ఊడిపడితే? నేను పట్టిన ఓర్పంతా గంగలో కలిసినట్టే కదా. దానికంటే ఒక్క ముక్కే నయం అనిపిస్తోంది.

ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

అక్క


బస్సు డిపో నుంచి

అక్కా,

ఇవాళ కిటికీ మూసేసి, "సిబ్బంది లేరు" అని అట్ట తగిలించి, లోపల కూర్చుని నీ ఉత్తరం చదివాను. బయట జనం తిట్టుకుంటున్నారు. తిట్టుకోనీ.

ఆ కథకి నేనూ నవ్వాను కదక్కా. ఒకసారి నేనే అడిగి మరీ చెప్పించుకున్నాను. సరే, ఇప్పుడు దాని గురించి రాస్తే నువ్వు మళ్ళీ నన్ను ఓదార్చడానికి నాలుగు పేజీలు రాస్తావు. వద్దు.

విను. నేను సెలవు పెట్టాను. ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడి, వేరేవాళ్ళకి ఇవ్వబోయిన బెడ్డు మళ్ళీ నీ పేరు మీదికి మార్పించాను. మత్తు దిగే గదిలోకి ఒక్కరినే రానిస్తారట. ఆ ఒక్కరూ నేనే. బావ, మీ అత్తగారు, నీ కూతురు, ముగ్గురూ వరండాలో బెంచీ మీద ఉంటారు. తలుపు మూసి ఉంటుంది. నువ్వేం వాగినా నా చెవిలోనే పడుతుంది, అక్కడి నుంచి ఎక్కడికీ పోదు. మరీ గట్టిగా అరిస్తే నీ నోట్లో దూది కుక్కుతాను. ముక్కులో ఎలాగూ వాళ్ళే కుక్కుతారు.

ఇంక వాయిదా అన్నావంటే ఆ అలమర తలుపు ఊడదీసుకుని నేనే వస్తాను.

చెల్లి


ఇంటి నుంచి,
దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని

చెల్లీ,

నువ్వు బస్సెక్కిన మర్నాటి నుంచి రాద్దామనుకుంటున్నాను. తల వంచకూడదన్నారు కదా, అట్ట మీద కాగితం పెట్టి ఎత్తి పట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

ముక్కులో గోడ మళ్ళీ ఒరగకుండా పెట్టిన ఆ ప్లాస్టిక్ రేకులు ఇంకా ఉన్నాయి. చీదకూడదు, బరువులెత్తకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. నోరు తెరిచి తుమ్మిన ప్రతిసారీ అత్తయ్యగారు అదిరిపడుతున్నారు. నొప్పి నేను అనుకున్నంత లేదు. దేవుడి దయ.

నీకు రాస్తున్నది దీని గురించి కాదు. ఇంట్లో ఏదో జరుగుతోంది.

నిన్న అత్తయ్యగారు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు. "అమ్మాయ్, నాకు చెవులు బాగానే వినబడతాయని నువ్వు కనిపెట్టేశావన్న సంగతి నాకు తెలీదు" అన్నారు. నేను తెల్లబోయాను. "నువ్వు పని చెప్పినప్పుడే వినబడనట్టు ఊరుకునేదాన్నిలే. ఇంక అలా చెయ్యనులే" అని నా చెయ్యి తట్టి వెళ్ళిపోయారు. చెల్లీ, ఆవిడకి చెవుడు లేదా! ఇన్నేళ్ళూ నేను అరిచి అరిచి చెప్పానే! ఫోను మోగితే అందరికంటే ముందు ఎత్తేటప్పుడైనా నాకు తట్టలేదు.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "అమ్మా, నువ్వన్నది నిజమే. నువ్వు కట్టిచ్చే డబ్బా పక్క సీటు ఆవిడకిచ్చి నేను క్యాంటీన్లో తింటున్నాను. సారీ అమ్మా" అంది. నేనేమన్నానే? డబ్బా సంగతి నాకు కలలో కూడా తెలియదు.

ఇంక మీ బావ సంగతి విను. వంటింట్లో ఏవో డబ్బాల చప్పుడు. కాసేపటికి ఘాటుగా వాసన వచ్చిందని అత్తయ్యగారు దగ్గారు. చూస్తే, ఆయన అలమరకి రంగు వేస్తున్నారు! లేత ఆకుపచ్చ. "నువ్వన్నదాంట్లో తప్పులేదు. రంగుల దుకాణంలో పనిచేస్తూ ఇంటికి ఒక్క పూత వెయ్యలేదు" అన్నారు. డాక్టరు పొగా ఘాటూ తగలకూడదని పదేపదే చెప్పి పంపించారు కదా. నేను దుప్పటి తీసుకుని టైపిస్టుగారింట్లో పడుకున్నాను.

నేనేమన్నానో నువ్వే చెప్పాలి. ఆసుపత్రిలో అడిగితే "పడుకో, పడుకో" అన్నావు. వీళ్ళని అడిగితే ముఖాలు చూసుకుంటున్నారు. అందరూ నాకేసి పరీక్ష పేపరుని చూసినట్టు చూస్తున్నారు. తిరుగు టపాలో రాయి.

అక్క


బస్సు డిపో నుంచి

అక్కా,

ముందు ముక్కు సంగతి చూసుకో. ఉప్పునీటి మందు చల్లుకుంటున్నావా? తల వంచకు. కుట్టుమిషను దగ్గరికి పోయావని తెలిస్తే బావగారికి ఫోను చేస్తాను. రేకులు తీశాక మాట్లాడుకుందాం.

మీ అత్తగారి చెవుల సంగతి చదివి నవ్వలేక చచ్చాను. వరసలో ఉన్నవాళ్ళు ఫిర్యాదు మర్చిపోయి నన్నే చూశారు.

చెల్లి


ఇంటి నుంచి

చెల్లీ,

దేవుడి దయ అని మొదలుపెట్టే ఓపిక ఇవాళ లేదు.

రేకులు తీశారు. డాక్టరు "ఇప్పుడు గాలి పీల్చండమ్మా" అన్నాడు. పీల్చాను. రెండు వైపులా గాలి చల్లగా లోపలికి పోయింది. గది తలుపులన్నీ ఎవరో ఒక్కసారిగా తెరిచినట్టుంది. ఇన్నాళ్ళు నేను పీల్చింది గాలి కాదేమో అనిపించింది. ఆనందంతో ఏడుద్దామనుకున్నాను. ఇంతలో పక్కనే నిలబడ్డ మీ బావ, "చూశావా, రంగు వాసన తెలుస్తోందా?" అన్నారు. తెలుస్తోంది. బాగా తెలుస్తోంది. దుప్పట్లకీ, అన్నానికీ, నా జుట్టుకీ అదే వాసన. ఇన్నేళ్ళకి ముక్కు తెరుచుకుంటే మొదట ఆకుపచ్చ రంగు వాసన!

నీ ఉత్తరం నాకు అస్సలు నచ్చలేదు. నేను అడిగింది ఒకటి, నువ్వు రాసింది ఇంకొకటి. ఉప్పునీటి మందు గురించి నాకు నర్సు చెప్పింది, నువ్వు చెప్పనక్కర్లేదు. నేను ఏమన్నానో, ఎవరిని అన్నానో, ఎంత గట్టిగా అన్నానో చెప్పు. వీళ్ళు రోజుకొకటి ఒప్పుకుంటున్నారు. అత్తయ్యగారు ఇవాళ ఉదయం, చిన్నప్పుడు అమ్మాయి పగలగొట్టిందని నేను కొట్టానే, ఆ పింగాణీ గిన్నె తానే పగలగొట్టానన్నారు. పసిపిల్లని కొట్టించారు! నేనేం చెయ్యను? క్షమించాలి. క్షమిస్తాను. కాని క్షమించడానికి కూడా ఒక వరస ఉండాలి కదా, ఇలా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అయితే నా వల్ల కావడం లేదు.

ఒక్కటి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. అలమర కథ గురించి మీ బావ నోరు విప్పలేదు. అంటే ఆ మాట నేను అన్నానా, అనలేదా? అంటే ఆయన దానికి ఇచ్చిన జవాబు ఈ రంగా?

ఇంక దాచావంటే నేను మొదటి బస్సెక్కి వచ్చి నీ కిటికీ ముందు వరసలో నిలబడతాను. నా వంతు వచ్చేదాకా నిలబడి, అందరి ముందూ నీ మీదే ఫిర్యాదు రాయిస్తాను.

అక్క


బస్సు డిపో నుంచి

అక్కా,

నీ చేత్తో రాసిన ఇంత కోపం నేను ఎప్పుడూ చూడలేదు. దాచుకుంటాను, చించమన్నా చించను.

నిజం చెబుతున్నాను. నువ్వేమీ అనలేదు.

ఒట్టు. ముసుగేసిన కుట్టుమిషనులా కదలకుండా పడుకున్నావు. నేను నీ నోటి దగ్గర చెవి పెట్టి కూర్చున్నాను. నీ గురించి ఏదో ఒకటి తెలుస్తుందని నాకూ ఆశగానే ఉంది. చివరికి కళ్ళు తెరిచి నర్సు చెయ్యి పట్టుకుని, "కుట్లు సమంగా పడ్డాయా అమ్మా?" అన్నావు. ఆవిడ పడ్డాయంటే, "దారం ముడి గట్టిగా వెయ్యాలి" అని మళ్ళీ నిద్రపోయావు. అంతే. మత్తులో కూడా ఒకరిని ఒక్క పొల్లు మాట అనలేని మనిషివి.

తర్వాత నేను బయటికొచ్చాను. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. బావ లేచి నిలబడి, "ఏమైనా మాట్లాడిందా? నా గురించేమైనా అందా?" అన్నాడు. నేను గొంతు తగ్గించి "మీకు తెలియదా బావా?" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఆయన మొహం మాడిపోయింది. మీ అత్తగారు నెమ్మదిగా, బెంచీ ఆ చివర నుంచి ఆ గుసగుసని పట్టుకుని, "నా గురించి?" అన్నారు. "మీకూ తెలుసు కదా అత్తయ్యగారూ" అన్నాను. నీ కూతురు అడగకుండానే ఏడ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ముగ్గురూ భుజాలు తడుముకున్నారు. నేనేం చెయ్యను?

నా మాట విని వాళ్ళకి చెప్పకు. ఒక్క ప్రశ్నతో మీ అత్తగారికి చెవులొచ్చాయి, నీ కూతురికి బుద్ధొచ్చింది, మీ వంటింటికి రంగొచ్చింది. ఇన్నేళ్ళ నీ ప్రార్థనలకి ఇంత ఫలితం వచ్చిందా? నేను ఏ దేవుడికీ ఎదురు మాట్లాడడం లేదు, అడుగుతున్నానంతే. భయపడనీ అక్కా కొన్నాళ్ళు. వాళ్ళకేం పోయింది?

చెల్లి


ఇంటి నుంచి,
వంటింటి గట్టు మీద

చెల్లీ,

నువ్వు చేసింది తప్పు. నా పేరు మీద నువ్వు అబద్ధం ఆడావు. నోటితో ఆడకపోయినా, మొహంతో ఆడావు. అత్తయ్యగారు పొద్దున్నే లేచి నాకు టీ పెట్టి ఇస్తుంటే, ఆ కప్పు పట్టుకుని నేను ప్రార్థనకి కూర్చోలేకపోయాను. నేను అనని మాటకి వాళ్ళు దండం పెడుతుంటే, తీసుకోవడానికి నేనెవరిని?

అందుకని నిన్న చెప్పేశాను. అందరూ భోజనాలకి కూర్చున్నాక, "నేను మత్తులో ఏమీ అనలేదు. కుట్లు సమంగా పడ్డాయా అని మాత్రం అడిగానట" అన్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అత్తయ్యగారికి కోపం వచ్చింది. "అయితే ఆ గిన్నె సంగతి అనవసరంగా చెప్పానన్నమాట" అన్నారు. అమ్మాయి, "అంటే నేను డబ్బా మళ్ళీ..." అని ఆగి, "లేదులే" అంది. మీ బావ మాత్రం పెద్దగా నవ్వారు. గుండెల మీదనుంచి బండ దిగినట్టు కంచం పక్కకి నెట్టి నవ్వారు. "నేను చెప్పలేదూ! మా ఆవిడ మత్తులో కూడా బంగారమే!" అన్నారు.

అక్కడితో ఆగితే ఈ ఉత్తరంలో ఇంక రాయడానికేమీ ఉండేది కాదు. సాయంత్రం నన్ను చూడ్డానికి ఆ మేనేజరూ, ఆయన భార్యా వచ్చారు. మీ బావ మంచి హుషారులో ఉన్నారు. వాళ్ళని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళారు. ఆకుపచ్చ తలుపు చూపించి, "ఇదేనండీ ఆ తలుపు! ముక్కుకి వైద్యం చేయిస్తే తలుపుకి అన్యాయం చేసినట్టవుతుందని దీనికీ చేయించాను! అసలు ఆ రోజు మా ఆవిడ ఏం చేసిందంటే..." అని ముక్కు ముందుకు చాచారు.

నేను కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. నవ్వడానికి పెదాలు సిద్ధం చేసుకున్నాను. అలవాటు కదా. నవ్వు రాలేదు. పళ్ళెం గట్టు మీద పెట్టి, "ఏమండీ, ఆ కథ ఆపండి" అన్నాను.

ఆయన నవ్వుతూనే, "మత్తు ఇంకా దిగలేదు కాబోలు" అన్నారు.

"ఎప్పుడో దిగింది. అది అలా జరగలేదు. మీరు తలుపు తెరిచి వదిలేశారు. నేను లేస్తే తగిలింది. రక్తం కారుతుంటే మీరు ఈ గుమ్మంలోనే నిలబడి, చూసుకోవద్దూ అని దుకాణానికి వెళ్ళిపోయారు. చెబితే ఇలా చెప్పండి. లేకపోతే చెప్పకండి."

నా గొంతు పెరగలేదు చెల్లీ. నువ్వు ఎప్పుడూ తిట్టే నా మెత్తటి గొంతుతోనే అన్నాను. మేనేజరు భార్య చున్నీ అంచు సర్దుకుంటూ నేలకేసి చూసింది. మేనేజరు టీ బాగుందన్నాడు. కప్పు ఇంకా పళ్ళెంలోనే ఉంది. హాల్లోంచి అత్తయ్యగారు, ఎవరూ అడగకుండానే, "నిజమేరా. తడిగుడ్డ ఇచ్చింది నేనే" అన్నారు.

వాళ్ళు తొందరగానే వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళి టీవీ ముందు కూర్చున్నారు. నేను కప్పులు కడిగాను. ఇంత పని చేశానే, ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఆయన్ని చిన్నబుచ్చానే అనుకున్నాను. కానీ ఎంత వెతుక్కున్నా తప్పు చేశానన్న మాట లోపల్నుంచి రాలేదు. దేవుణ్ణి అడిగాను. తప్పని ఆయనా అనలేదు.

ఇవాళ ఉదయం నేను కాజాలు కుడుతుంటే వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. నా ముక్కు వైపు చూశారు. చూసి, పక్కకి చూశారు. మళ్ళీ చూశారు.

"అప్పుడు బాగా నొప్పి పుట్టిందా?" అన్నారు.

ఎన్నేళ్ళయింది! ఈ ప్రశ్న ఇప్పటికి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. ఫర్వాలేదండీ అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"పుట్టింది. చాలా పుట్టింది" అన్నాను.

ఆయన తల ఊపారు. క్షమించమని అనలేదు. ఆ మాట ఆయనకి రాదు, నాకు తెలుసు. దుకాణానికి వేళయినా లేవకుండా నేను ఆ కాజాలన్నీ కుట్టేదాకా అక్కడే కూర్చున్నారు. మధ్యలో సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు. ఎక్కించడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నేను లాక్కోలేదు.

నీ మీద కోపం మాత్రం అలాగే ఉంది. ఇది మెలకువగా ఉండే రాస్తున్నాను.

నీ అక్క